తిరుపతిలో ఐదు రోజులు: వేడి నీళ్లు, టెంకాయ, పదిహేను లడ్డూలు

చిత్తూరులో పుట్టి పెరిగిన వాళ్లకు తిరుపతి అంటే పొద్దున్నే బస్సెక్కి వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేసే ఊరు. మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లే కాబట్టి, నలభై నాలుగేళ్ల వయసు వచ్చేదాకా నేను తిరుపతిలో గది తీసుకుని నిద్రపోయిన సందర్భమే లేదు. మాఘమాసంలో మా అత్తగారు శ్రీకాకుళం వైపు నరసన్నపేట నుంచి వచ్చి, కొండ నడిచి ఎక్కాలని, చుట్టుపక్కల క్షేత్రాలన్నీ తీరుబడిగా చూడాలని కోరడంతో, నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఆమెతో కలిసి అయిదు రోజులు మా పాత ఉమ్మడి జిల్లాలోనే యాత్రికులమయ్యాము. దర్శనం గురించి, గుళ్ల మహిమల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ వేడి నీళ్లు ఎప్పుడు వస్తాయి, సామాను ఎక్కడ పెట్టాలి, చేతిలో చిల్లర ఎంత ఉండాలి అన్నవి అక్కడికి వెళ్లాకే తెలుస్తాయి. యాత్రలో మనిషి మనసు కుదుటగా ఉండాలంటే కావలసినవి కూడా ఇవేనని నాకు అనిపించింది కాబట్టి వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మంగళవారం రైలు దిగిన అత్తగారిని మొదట స్టేషన్‌కు దగ్గరలోని ఒక ప్రైవేటు లాడ్జికి తీసుకువెళ్లాము. రోజుకు పద్నాలుగు వందలు. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. మేము ఏ గంటకు దిగితే మరుసటి రోజు ఆ గంట వరకు గది మనదే అన్న లెక్క రాత్రి రైళ్లలో వచ్చేవారికి ఎంతో అనుకూలం. కింద గోడ మీద ‘24 గంటలూ వేడి నీళ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాత్రంతా రైల్లో వచ్చిన అత్తగారు తలంటుకోవాలని కుళాయి తిప్పితే చల్లటి నీళ్లు వచ్చాయి. పావుగంట వదిలి చూశాము, అవే నీళ్లు మరింత చల్లగా వచ్చాయి. కిందకు వెళ్లి అడిగితే, కౌంటర్‌లోని అబ్బాయి ఎంతో మర్యాదగా, “వేడి నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉంటాయి సార్. కాకపోతే సోలార్ కదా, ఎండ బాగా వచ్చినాక కాగతాయి” అన్నాడు. అప్పుడు ఉదయం ఆరున్నర. ఆ మాటలోని రెండు సగాలూ విడివిడిగా నిజమే కావడంతో ఏమని వాదించాలో నాకు తోచలేదు.

ఆ మాటలు విన్న లాడ్జి పనిమనిషి ఒకామె, ఏమీ అనకుండా వెనక వైపు వెళ్లి, పొయ్యి మీద కాచిన నీళ్లను రెండు బకెట్లలో తెచ్చి రెండో అంతస్తులోని మా గది గుమ్మం ముందు పెట్టింది. ఒక చేత్తో బకెట్ పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ రావడం వల్ల ఆ బకెట్ల నుంచి ఒక్క చుక్క కూడా కింద పడలేదు. డబ్బు ఇవ్వబోతే, “కొండకు పొయ్యేవాళ్ల దగ్గర నీళ్లకు దుడ్లు తీసుకుంటారా?” అని వెళ్లిపోయింది. మా అత్తగారు ఆ ముఖం బాగా గుర్తుపెట్టుకున్నారు.

గదిలో చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఒక్కటే ఉంది, అది టీవీ పైన, మనిషి తల ఎత్తులో ఉంది. కుర్చీ మీద సూట్‌కేసు, దాని మీద దిండు, దాని మీద సెల్‌ఫోను పెడితే తప్ప తీగ అందలేదు. లాడ్జీలు కట్టేవారు మంచం పక్కన ఒక ప్లగ్గు పెడితే ఎన్ని కుటుంబాలకు నిద్ర పడుతుందో వారికి ఎవరైనా చెప్పాలి.

ఆ సాయంత్రం గోవిందరాజస్వామి ఆలయం చూసుకుని ఒక హోటల్‌కు వెళ్లాము. దర్శనం అయ్యేదాకా ఉల్లి, వెల్లుల్లి ముట్టనని అత్తగారు నియమం పెట్టుకున్నారు. సర్వరు వచ్చి, “ఎర్రగడ్డ దోసె, ఉర్లగడ్డ దోసె, కారం దోసె ఉండాయమ్మా” అన్నాడు. ఎర్రగడ్డ అంటే ఏదో ఎర్రటి దుంప, ఆరోగ్యానికి మంచిదే అయి ఉంటుందని ఆమె సంతోషంగా అదే తెమ్మన్నారు. దోసె పెనం మీద పడకముందే నా భార్య అడ్డుపడి, ఈ వైపు ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారని చెప్పింది. “ఏటి బాబూ, ఈ ఊర్లో ఉల్లిపాయకి పేరు మార్చీసారా? అయితే ఉర్లగడ్డంటే వెల్లుల్లేటి?” అని ఆమె నన్ను అడిగారు. అది బంగాళాదుంప అని, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటామని చెప్పేసరికి, రెండు గడ్డలకు భయపడిన ఆమె మూడో గడ్డను కూడా నమ్మలేక, ఇడ్లీతో సరిపెట్టుకున్నారు. మరుసటి రోజు అలిపిరిలో ఒక అమ్మ “టెంకాయ తీసుకోండమ్మా” అని పిలిస్తే, “టెంక నాకెందుకమ్మా, కాయ ఉంటే ఇవ్వు” అన్నారు. కొబ్బరికాయను టెంకాయ అనడం మాకు ఎంత సహజమో, మామిడి టెంక తప్ప ఇంకో టెంక ఎరగని వాళ్లకు అంత వింత. ఒకే భాష మాట్లాడే రాష్ట్రంలో, రెండు చివర్ల వాళ్లు ఒక హోటల్ బల్ల దగ్గర కూర్చుంటే ఇంత సరదా దొరుకుతుందని నేను అనుకోలేదు. ఆమె రాగి సంగటిని చూసి, “మా చోడి అంబలికి గట్టి తమ్ముడు” అని పేరు పెట్టి, చెనిగ్గింజల ఊరిబిండితో, అంటే వేరుశెనగ పచ్చడితో, తిన్నది మాత్రం దర్శనం అయ్యాకనే.

బుధవారం తెల్లవారుజామున అయిదు గంటలకు అలిపిరి పాదాల మండపం దగ్గర నడక మొదలుపెట్టాము. కొండకు నడిచి వెళ్లడానికి రెండు దారులు ఉన్నాయి. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే, కానీ నిట్టనిలువుగా ఉంటాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం ఎక్కువ, అయితే మధ్యమధ్యలో చదునైన దారి, నీడ, అంగళ్లు ఉంటాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషితో వెళ్లేవారికి అలిపిరి దారే మేలని నా అభిప్రాయం. గాలిగోపురం వరకు ఉన్న ఎక్కుడే కష్టమంతా. అక్కడ కూర్చుని మజ్జిగ తాగితే సగం బరువు దిగిపోతుంది. చివర మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ కాళ్లు మొరాయిస్తాయి. ముందు వెళ్తున్న ఒకామె ప్రతి మెట్టుకూ పసుపు పూసి కుంకుమ బొట్టు పెడుతూ వంగి లేస్తూ ఎక్కుతుంటే, అలసిపోయామని చెప్పుకోవడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. మా అమ్మాయి చేతిలోని మామిడికాయ ముక్కను ఒక కోతి లాక్కుని, దానికి అంటిన కారం నాలుకకు తగలగానే విసిరికొట్టింది. జింకల కంచె వచ్చేదాకా ఆ పిల్ల ఆ కోతిని క్షమించలేదు.

ఈ నడకలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు సామాను తరలింపు. లాడ్జి ఖాళీ చేసి వచ్చాము కాబట్టి సంచులన్నీ మాతోనే ఉన్నాయి. అలిపిరిలో సామాను అప్పగిస్తే, రసీదు ఇచ్చి, పైసా తీసుకోకుండా కొండపైకి చేరుస్తారు. అత్తగారి సంచిలో కూతురి కోసం తెచ్చిన రెండు కిలోల ఆవకాయ గాజు సీసా ఉంది. కౌంటర్‌లోని వ్యక్తి “ఇందులో పగిలేవి ఏమన్నా ఉండాయా?” అని అడగడమే ఆలస్యం, ఆమె కాయ ఎక్కడిది, ఆవ ఎంత, నూనె ఎంత పైకి తేలేలా పోశారు అన్నది మొత్తం చెప్పారు. వెనక వరస పెరుగుతున్నా ఆయన విసుక్కోకుండా విని, సంచిని నిటారుగా నిలబెట్టి, రెండు పెద్ద సంచుల మధ్య ఇరికించి పెట్టాడు. పైన మేము తీసుకున్నప్పుడు కూడా ఆ సంచి నిటారుగానే ఉంది, ఒక్క నూనె చుక్క కూడా బయటికి రాలేదు. చెప్పులు కూడా ముందే ఆ సంచుల్లో వేసేయడం వల్ల, ఎక్కడ విడిచామో వెతుక్కునే బాధ ఆ రోజుకు లేకపోయింది.

తిరుమలలో ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకున్న వంద రూపాయల గది మాకు దొరికింది. మంచాలు, పంకా, కుళాయి, తలుపుకు గట్టి గడియ ఉన్నాయి. అలంకారం ఏమీ లేదు, కావలసింది ఏదీ తక్కువ కాలేదు. కింద పద్నాలుగు వందలు ఇచ్చిన రాత్రి కంటే ఇక్కడే గాఢంగా నిద్రపోయాము. అందులో 3,550 మెట్ల వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి. గది దొరకని వారికి యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచితంగా లాకర్లు, పడుకోవడానికి హాళ్లు ఉన్నాయి. కొండపై ప్లాస్టిక్ సీసాలు నిషిద్ధం కాబట్టి నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు. ఇంటి నుంచి ఒక రాగి చెంబో స్టీలు సీసానో తెచ్చుకుంటే ఆ లెక్క కూడా ఉండదు.

గురువారం మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం. ఈ టికెట్లు నెలల ముందే అయిపోతాయి కాబట్టి ప్రయాణం తేదీని టికెట్టే నిర్ణయిస్తుందని అనుకోవడం మంచిది. ఇక్కడ కొత్తవారికి ఒక మాట చెప్పాలి. సంప్రదాయ దుస్తులు తప్పనిసరి, కాబట్టి చాలామంది మగవారు పంచె కడతారు. పంచెకు జేబులు ఉండవు. సెల్‌ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, దాన్ని ముందే అప్పగించాలి. అంటే కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే డబ్బు కట్టడానికి అలవాటు పడిన మనిషి, దర్శనం అయిన తరువాత లడ్డూల కౌంటర్ ముందు నిలబడినప్పుడు చేతిలో నోట్లు ఉంటే ఇబ్బంది ఉండదు. ఆధార్ కార్డు, టికెట్ కాగితం, నోట్లు, ఫోను తాలూకు టోకెను, ఈ నాలుగూ ఎక్కడ పెట్టుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. నా భార్య ముందుచూపుతో చిన్న గుడ్డసంచి కుట్టి మెడలో వేసుకుంది. క్యూలో మా వెనక ఉన్న కర్నూలు దంపతులు ఆ సంచిని చూసి కొలతలు కూడా అడిగి తెలుసుకున్నారు.

దర్శనం క్షణాలే. ‘జరగండి, జరగండి’ అన్న మాట చెవిన పడేసరికి బయటికి వచ్చేశాము. ఇంత దూరం వచ్చిన అత్తగారు నొచ్చుకుంటారేమోనని నేను భయపడ్డాను. ఆమె మాత్రం స్వామి గడ్డం మీది పచ్చకర్పూరపు తెలుపు స్పష్టంగా చూశారట. స్వామి గడ్డానికి తగిలిన గాయం మీదే ఆ కర్పూరం పెడతారంటారు. ఆ గాయానికి కారణమని చెప్పే, అనంతాళ్వారు అనే భక్తుడి గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతుందని నేను ముందే చెప్పి ఉండడంతో దాన్ని కూడా చూశారు. నలభై ఏళ్లలో ఎన్నోసార్లు ఆ ద్వారం దాటిన నా భార్య మేనమామ ఆ గునపాన్ని ఒక్కసారి కూడా చూడలేదని తెలిసి ఆమెకు మరింత తృప్తి కలిగింది.

మధ్యాహ్నం మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేశాము. 1985లో మొదలైన అన్నదానం ఇప్పుడు ఎంత పెద్దదో ఆ హాలులో కూర్చుంటేనే అర్థమవుతుంది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు. సాంబారు వడ్డించే ఆయన మా అమ్మాయి దగ్గర మాత్రం గరిటె తగ్గించి, “కారం చూసుకో పాపా, చాలకపోతే మళ్లీ వస్తా” అన్నాడు, నిజంగానే మళ్లీ వచ్చాడు. ఈ ప్రాంతంలో పుట్టి, స్వామి సన్నిధిలో జీవితం గడిపిన వెంగమాంబ పేరు ఆ భవనానికి పెట్టడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

ఇక లడ్డూలు. టికెట్ ఉన్న ముగ్గురికీ మూడు లడ్డూలు ఉచితంగా వచ్చాయి. ఒక్కొక్కటి యాభై చొప్పున మరో పన్నెండు కొన్నాము. మొత్తం పదిహేను. సాయంత్రం 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీదుగా బస్సులో దిగుతూ, మలుపు మలుపుకూ ఒరిగే సంచిని ఒడిలో పెట్టుకుని, అత్తగారు ప్రసాదం ఇవ్వవలసిన ఇళ్లను లెక్కపెట్టారు. నరసన్నపేటలో పదిహేడు, చిత్తూరులో మా వైపు తొమ్మిది, వెరసి ఇరవై ఆరు. లడ్డూ ఇవ్వకపోతే ఒకరు, సగం ఇస్తే ఇంకొకరు, అందరికంటే చివర ఇస్తే మరొకరు నొచ్చుకుంటారు. ఆ లెక్క కొండ దిగేసరికి తెగలేదు.

ఆ రాత్రికి కింద తిరుపతిలో, దేవస్థానం వారి వసతి గృహం విష్ణునివాసంలో దిగాము. రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, రోడ్డు దాటితే చాలు. బస్టాండు వైపు నుంచి వచ్చేవారికి శ్రీనివాసం అంతే అనుకూలం. ముందుగా దొరికితే పెద్దవాళ్లతో వచ్చేవారు ఈ రెండింటినే చూసుకోవాలి. గది ఎంత బాగుందన్నదాని కంటే, రాత్రి పూట సామానుతో ఎంత దూరం నడవాలన్నదే ముఖ్యమని ఆ వయసు వాళ్లతో తిరిగితే తెలుస్తుంది.

శుక్రవారం చంద్రగిరి కోటకు ఆటో మాట్లాడుకున్నాము. దారిలో శ్రీనివాసమంగాపురం గుడి ప్రశాంతంగా, నెమ్మదిగా చూడగలిగాము. కోట దగ్గరికి వెళ్లేసరికి మ్యూజియానికి తాళం వేసి ఉంది. శుక్రవారం అక్కడ సెలవు. “ముందే చెప్పవచ్చు కదా” అంటే, ఆటో అతను నవ్వుతూ, “కోట యాడికీ పోదు సార్. ఈ పొద్దు బయటినుంచి చూడండి, రేపు లోపల చూడండి” అన్నాడు. కోపం వచ్చింది గానీ, అతను చెప్పినట్లే జరిగింది. శనివారం మళ్లీ వెళ్లాము. కర్ర వాడకుండా కట్టిన మూడంతస్తుల రాజమహల్, దాని పక్క రాణీమహల్, లోపలి కంచు, రాతి విగ్రహాలు చూడడానికి రెండు గంటలు సరిపోలేదు. ఆంగ్లేయులు చెన్నపట్నంలో కోట కట్టుకోవడానికి 1639లో ఇక్కడి నుంచే అనుమతి పొందారని చెబుతారు. తిరుపతికి వచ్చి చంద్రగిరి చూడకుండా వెళ్లిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఒక పూట కేటాయించండి, ఆ పూట శుక్రవారం కాకుండా చూసుకోండి.

తాళం చూసి తిరిగిన శుక్రవారం మధ్యాహ్నం శ్రీకాళహస్తి వెళ్లాము. దర్శనం తరువాత కలంకారీ వేసే ఒక ఇంటి అరుగు మీద అరగంట కూర్చున్నాము. వెదురు పుల్ల చివర చుట్టిన గుడ్డను ఆయన వేళ్లతో కొద్దిగా నొక్కుతుంటే, కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేసిన బట్ట మీద నల్లటి గీత ఒకే మందంతో సాగిపోయింది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి ఊరబెట్టిన ఆ నలుపును మా అమ్మాయి వాసన చూసి ముక్కు మూసుకుంది. అత్తగారు బేరం ఆడడానికే సిద్ధమై కూర్చున్నారు. కానీ ఒక్క నెమలి ఈక గీయడానికి పట్టిన సమయం చూశాక, చెప్పిన ధరకే ఒక చీర తీసుకున్నారు.

శనివారం చంద్రగిరి నుంచి చిత్తూరు వెళ్తూ కాణిపాకంలో ఆగాము. అక్కడి వినాయకుడు ప్రమాణాల దేవుడు. ఆయన ఎదుట అబద్ధం చెప్పడానికి ఈ జిల్లాలో ఎవరూ సాహసించరు. గుడి బయట నేను ఈ సంగతి అత్తగారికి వివరిస్తుంటే, మా అమ్మాయి అమ్మమ్మ చెంగు పట్టుకుని పక్కకు లాగి, గురువారం రాత్రి విష్ణునివాసంలో అందరూ నిద్రపోయాక ఒక లడ్డూ తినేశానని చెవిలో చెప్పింది. సంచి విప్పి చూస్తే నిజంగానే పద్నాలుగు ఉన్నాయి. మా నలుగురిలో కాణిపాకం దర్శనాన్ని అంత శ్రద్ధగా చేసుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

రాత్రి చిత్తూరులో మా ఇంటి హాలులో అత్తగారు పాత పేపరు పరిచి కూర్చున్నారు. పద్నాలుగులో ఒకదాన్ని ముట్టకుండా అరటి ఆకులో చుట్టి పక్కన పెట్టారు. మిగిలిన పదమూడింటిని సగాలు చేస్తే ఇరవై ఆరు ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. అయితే లడ్డూను సగం చేయడం అనుకున్నంత తేలిక కాదు. కత్తి పెడితే బూంది రాలిపోతుంది, చేత్తో విరిస్తే జీడిపప్పంతా ఒకే వైపు వెళ్తుంది. ఆమె రెండు బొటనవేళ్లతో మధ్యలో నెమ్మదిగా నొక్కి విప్పి, జీడిపప్పులు, కలకండ పలుకులు లెక్కపెట్టి ఇటూ అటూ సర్ది, రాలిన బూందిని చిటికెడు చిటికెడు పంచి, ప్రతి పొట్లం మీద పేరు రాయించారు. పెద్దాడపడుచు పొట్లంలో మాత్రం ఒక జీడిపప్పు ఎక్కువ పెట్టమన్నారు. ఎందుకని నా భార్య అడిగితే, “ఆవిడ లెక్కపెడతాది” అన్నారు.

ఆదివారం తిరుపతిలో రైలు ఎక్కే ముందు, పక్కన పెట్టిన లడ్డూతో నేరుగా మొదటి రోజు లాడ్జికి వెళ్లారు. పనిమనిషి మెట్లు తుడుస్తోంది. ఆకు పొట్లం చేతిలో పెడితే ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని, విప్పి, కళ్లకద్దుకుంది. తరువాత సగం విరిచి, మా అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ సగాన్ని అత్తగారు ఇరవై ఏడో ఇంటి కోసం అడిగారు గానీ, రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి అది మిగల్లేదు.